హెల్త్‌కేర్‌లో ప్రాజెక్ట్ మేనేజర్ ఇంటర్వ్యూ: నాలుగు రకాల కంపెనీలు, నాలుగు రకాల భయాలు

హైదరాబాద్‌లో ‘ప్రాజెక్ట్ మేనేజర్, హెల్త్‌కేర్’ అని జాబ్ పోర్టల్‌లో వెతికితే కార్పొరేట్ ఆసుపత్రి, అమెరికా హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ ఆఫీసు, ఫార్మా సెంటరు, మెడికల్ పరికరాల సంస్థ అన్నీ ఒకే పేజీలో వరసగా కనిపిస్తాయి. హోదా ఒకటే. అడిగే అనుభవం కూడా ఇంచుమించు ఒకటే. దాంతో చాలామంది ఒకే రెజ్యూమేని నాలుగింటికీ పంపి, ఒకే రకంగా ప్రిపేరై వెళ్తారు. ఒకచోట శభాష్ అనిపించుకున్న జవాబే ఇంకోచోట కొంప ముంచుతుంది.

ఈ రంగంలో ఇంటర్వ్యూలు ఇచ్చి, ఇప్పుడు అప్పుడప్పుడు ప్యానెల్‌లో కూర్చునేవాడిగా నాకు తోచింది చెప్తాను. ప్రతి రకం కంపెనీకీ నిద్ర పట్టనివ్వని తప్పు ఒకటి ఉంటుంది. ఇంటర్వ్యూ మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది. ఆ తప్పు జరగకుండా కాపలా కాయడమే రేపు మీరు చేయబోయే పని. జీతం సంగతి తర్వాత చూద్దురుగాని, ముందు ఏ భయంతో రోజూ కాపురం చేయగలరో తేల్చుకోండి.

ఏమేం చూడాలి?

మొదటిది పైన చెప్పిందే: వాళ్ళు దేనికి భయపడతారు? రెండోది, ప్యానెల్‌లో ఎవరు కూర్చుంటారు? డాక్టర్లా, అమెరికా మేనేజర్లా, క్వాలిటీ వాళ్ళా? రేపు మీరు ఒప్పించాల్సింది వాళ్ళనే. మూడోది, ఇంటర్వ్యూ మొదలైనప్పటి నుంచి ఆఫర్ చేతికొచ్చేదాకా ఎంత కాలం సాగుతుంది? నాలుగోది, డొమైన్ తెలియకపోయినా లోపలికి రానిస్తారా? ఐదోది పని వేళలు. ఇంట్లో చిన్నపిల్లలో పెద్దవాళ్ళో ఉంటే ఇదే మొదటి ప్రశ్న కావచ్చు.

| చూడాల్సింది | ఆసుపత్రి గ్రూపు | అమెరికా ఇన్సూరెన్స్, ఆసుపత్రుల జీసీసీ (విదేశీ కంపెనీ ఇక్కడ పెట్టుకున్న సొంత ఆఫీసు) | ఫార్మా, క్లినికల్ రీసెర్చ్ | మెడికల్ పరికరాలు |
|---|---|---|---|---|
| పెద్ద భయం | వార్డు ఆగిపోవడం | జనవరి 1 గడువు తప్పడం, డేటా బయటికి పోవడం | తనిఖీలో కాగితం దొరక్కపోవడం | పరికరం వల్ల రోగికి హాని |
| ప్యానెల్ | డాక్టర్లు, నర్సింగ్ హెడ్, ఐటీ, ఫైనాన్స్ | హైరింగ్ మేనేజర్, తోటి మేనేజర్లు, అమెరికా స్టేక్‌హోల్డర్ | ఫంక్షన్ హెడ్, క్వాలిటీ, విదేశీ టీమ్ | ఇంజినీరింగ్, క్వాలిటీ, రెగ్యులేటరీ |
| వేగం | త్వరగా తేలుతుంది | వారాలు, మధ్యలో ‘హోల్డ్’ | అన్నిటికంటే నిదానం | నిదానం |
| కొత్తవాళ్ళకు చోటు | ఐటీ వాళ్ళకు కష్టం, ఆసుపత్రి మనుషులకు సులువు | ఐటీ వాళ్ళకు సులువు | బీఫార్మ్, ఫార్మ్‌డీ ఉంటే సులువు | ఇంజినీరింగ్ నేపథ్యం ఉండాలి |
| వేళలు | ఎక్కువచోట్ల వారానికి ఆరు రోజులు, పగలు | ఐదు రోజులు, సాయంత్రం కాల్స్ | ఐదు రోజులు, యూరప్ లేదా అమెరికా కాల్స్ | ఐదు రోజులు, కాల్స్ కొంచెం తక్కువ |

పట్టికలో అన్నీ ఒకే బరువుతో కనిపిస్తున్నాయి గానీ మొదటి రెండింట్లోనే ఎక్కువమంది తికమక పడతారు. అందుకే వాటి గురించి ఎక్కువ చెప్తాను.

ఆసుపత్రి గ్రూపులు

అప్లై చేసే ముందే ఒక సంగతి చూసుకోండి. ఆసుపత్రుల్లో ‘ప్రాజెక్ట్స్’ అంటే చాలాచోట్ల కొత్త ఆసుపత్రి కట్టే విభాగం. సివిల్ పనులు, ఏసీ, ఎలక్ట్రికల్, ఆక్సిజన్ పైప్‌లైను, ఆపరేషన్ థియేటర్లు, సీటీ గదికి ఏఈఆర్‌బీ (రేడియేషన్ భద్రత చూసే బోర్డు) అనుమతి, బయోమెడికల్ వ్యర్థాలకు పొల్యూషన్ బోర్డు అనుమతి, ఇదీ ఆ లోకం. స్క్రమ్ (సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు నడిపే ఒక పద్ధతి) సర్టిఫికెట్లు పట్టుకుని వెళ్ళిన ఐటీ అభ్యర్థిని "మెడికల్ గ్యాస్ కమిషనింగ్ ఎప్పుడైనా చేయించారా?" అని అడిగితే తెల్లమొహం వేయడం తప్ప చేసేదేం ఉండదు. జేడీలో (ఉద్యోగ వివరాల ప్రకటనలో) ‘హెచ్‌ఐఎస్’ (ఆసుపత్రి మొత్తాన్ని నడిపే సాఫ్ట్‌వేర్), ‘డిజిటల్’, ‘ట్రాన్స్‌ఫర్మేషన్’ లాంటి మాటలు లేకపోతే ఫోన్ చేసి అడిగి మరీ వెళ్ళండి.

ఐటీ, ఆపరేషన్స్ వైపు పోస్టు అయితే ఇంటర్వ్యూ ఎక్కువగా ముఖాముఖే ఉంటుంది. పదకొండింటికి రమ్మంటారు. మెడికల్ సూపరింటెండెంట్ గారు ఓపీ ముగించుకునో, థియేటర్ నుంచి నేరుగానో పన్నెండున్నరకి వస్తారు. మీ రెజ్యూమే అప్పుడే మొదటిసారి చూస్తారు. దీన్ని అవమానంగా తీసుకుంటే ఈ ఉద్యోగం మీకు సరిపడదనే అర్థం, ఎందుకంటే చేరాక మీ రివ్యూ మీటింగులూ ఇలాగే నడుస్తాయి.

ప్రశ్నలు సూటిగా ఉంటాయి. ఉదాహరణకి: "పాత హెచ్‌ఐఎస్ తీసేసి కొత్తది పెడుతున్నాం. ఏ రోజు మారుస్తారు?" ఐటీ వాళ్ళు ఇక్కడ యూఏటీ సైన్‌ఆఫ్ (వాడేవాళ్ళు పరీక్షించి ఇచ్చే ఆమోదం), గో-లైవ్ (కొత్త సిస్టమ్ వాడుకలోకి రావడం) చెక్‌లిస్ట్ అని మొదలుపెడతారు. ప్యానెల్‌కి కావాల్సింది అది కాదు. సోమవారం ఓపీ కిటకిటలాడుతుంది, నెలాఖర్లో టీపీఏ (ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున క్లెయిములు చూసే సంస్థ) క్లెయిములు, డాక్టర్ల పేమెంట్లు మీద పడతాయి, కాబట్టి నెల మధ్యలో శనివారం రాత్రి అని చెప్పి చూడండి, నర్సింగ్ హెడ్ మొహంలో తేడా తెలుస్తుంది. అక్కడితో ఆపకండి. ఆ రాత్రి వార్డుల్లో ఉన్న ఇన్‌పేషెంట్లను కొత్త సిస్టమ్‌లోకి బెడ్ వారీగా ఎవరు ఎక్కిస్తారు? ఫార్మసీ స్టాక్ ఏ గంట దగ్గర లెక్క కడతారు? డిశ్చార్జికి సిద్ధంగా ఉండి బిల్లు మాత్రం పాత సిస్టమ్‌లో సగంలో ఉన్న పేషెంటు సంగతేంటి?

ఇంకొక ప్రశ్న తరచూ వస్తుంది: "సిస్టమ్ డౌన్. అర్ధరాత్రి రెండింటికి ఎమర్జెన్సీలోకి స్పృహ లేని పేషెంటు వచ్చాడు, పేరు కూడా తెలియదు. యూహెచ్‌ఐడీ (పేషెంటు గుర్తింపు నంబరు) ఎలా ఇస్తారు?" ముందే ముద్రించి పెట్టుకున్న తాత్కాలిక నంబర్ల కట్ట, అదే నంబరుతో చేతికి బ్యాండు, ల్యాబుకీ బ్లడ్ బ్యాంకుకీ అదే నంబరుతో కాగితం ఫారాలు, సిస్టమ్ లేచాక అసలు నంబరుతో కలపడం, ఆ కలపడాన్ని రెండో మనిషి సరిచూడడం. ఇంత వివరంగా చెప్పినవాళ్ళని నేను ఎక్కువగా నర్సింగ్ నుంచి వచ్చిన అభ్యర్థుల్లోనే చూశాను. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగి రోజుల తరబడి పని కాగితాల మీద నడిచాక ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదని అందరికీ తెలుసు.

"సీనియర్ డాక్టర్ గారు కంప్యూటర్ ముట్టుకోనంటే ఏం చేస్తారు?" అన్నది మూడో ప్రశ్న. "మేనేజ్‌మెంట్‌కి ఎస్కలేట్ చేస్తాను" అన్నారా, ఇంటర్వ్యూ అక్కడితో సరి. చాలా గ్రూపుల్లో మేనేజ్‌మెంట్ అంటే డాక్టర్లే. ఆయన ఓపీలో రెండు పూటలు పక్కన కూర్చుని, ఎక్కువగా రాసే మందులతో టెంప్లేట్లు తయారుచేయించి, అవసరమైతే టైప్ చేసే అసిస్టెంటును పెట్టిస్తానని చెప్పండి. వాళ్ళ నియమాల పరిజ్ఞానం కూడా కాస్త ఉండాలి: ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతకి గుర్తింపు ఇచ్చే బోర్డు) ప్రమాణాలు, ఆరోగ్యశ్రీ ప్రీ-ఆథరైజేషన్లు (చికిత్సకి ముందస్తు అనుమతులు), 2021 సెప్టెంబర్ 27న మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్, దాని కింద పౌరులకి ఇచ్చే 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు.

చివరి రౌండు చైర్మన్ గారో, సీఈవోనో. పది నిమిషాల్లో తేలిపోతుంది. జీతం మిగతా మూడింటి కంటే తక్కువ చెప్తారు, బేరం కూడా పెద్దగా సాగదు. కానీ పని మీ చేతిలో ఉంటుంది. చేసిన మార్పు వారం తిరక్కుండా కళ్ళముందు కనిపిస్తుంది. ఈ తృప్తికి విలువ కట్టేవాళ్ళకే ఆసుపత్రి సరిపోతుంది. మిగతావాళ్ళు ఏడాదిలో బయటపడతారు.

అమెరికా ఇన్సూరెన్స్, ఆసుపత్రుల జీసీసీలు

ఆప్టమ్, కేరెలాన్, ప్రావిడెన్స్ లాంటి సంస్థలకి హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసులున్నాయి. ఐటీ సర్వీసుల నుంచి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది చూపు వీటి మీదే ఉంటుంది, అందులో తప్పేం లేదు.

పద్ధతి ఊహించదగ్గదే. రిక్రూటర్ ఫోను, హైరింగ్ మేనేజర్, ఇద్దరు ముగ్గురితో ప్యానెల్, సాయంత్రం పూట వీడియోలో అమెరికా స్టేక్‌హోల్డర్, ఆఖర్న హెచ్‌ఆర్. ప్రశ్నలు ఎక్కువగా ‘ఒక సందర్భం చెప్పండి’ అనే తరహాలో ఉంటాయి. పరిస్థితి, మీ బాధ్యత, మీరు చేసింది, ఫలితం, ఈ వరసలో ఐదారు అనుభవాలు ముందే రాసి పెట్టుకోండి. మనవాళ్ళు ఇక్కడ చేసే పొరపాటు ‘మేము చేశాం, టీమ్ చేసింది’ అని వినయంగా చెప్పుకుంటూ పోవడం. అవతలివాళ్ళు రాసుకునేది మీరు చేసిందే. మరీ మొత్తం నేనే అనక్కర్లేదు గానీ, నిర్ణయం మీదైన చోట ‘నేను’ అనండి.

ఇక భయం సంగతి. మెడికేర్ (అమెరికాలో ముఖ్యంగా వృద్ధులకి ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా) ప్లాన్లలో చేరే గడువు ఏటా అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7 దాకా. జనవరి 1న కొత్త ప్లాన్లు అమల్లోకి వస్తాయి. ఆ తేదీ దేవుడు దిగొచ్చినా వెనక్కి జరగదు. అందుకే ఈ ప్రశ్న: "సెప్టెంబర్ ఆఖర్న వెండర్ చేతులెత్తేశాడు, మీ ప్లానేంటి?" డెడ్‌లైన్ పొడిగించమని అడుగుతానంటే డొమైన్ తెలియదని తేలిపోతుంది. జనవరి 1న సభ్యుడు మందుల షాపుకి వెళ్ళినప్పుడు కార్డు పనిచేయాలి, అంటే చేరిక వివరాల 834 ఫైలు సరిగ్గా ఎక్కాలి. ఆ తర్వాత 837 క్లెయిములు లోపలికి రావాలి, 835 చెల్లింపు వివరాలు బయటికి పోవాలి. పోర్టల్ రంగులు, కొత్త రిపోర్టులు ఫిబ్రవరికి జరపొచ్చు. ఏది జరపొచ్చో, ఏది జరపకూడదో విడగొట్టి, కంప్లయెన్స్ టీముకి మొదటి రోజే చెప్తానన్న అభ్యర్థికే మార్కులు పడతాయి.

రెండో భయం డేటా. "టెస్టింగ్‌కి ప్రొడక్షన్ డేటా కావాలని డెవలపర్ అడుగుతున్నాడు, రిలీజ్ రేపే. ఇస్తారా?" ఇవ్వనని అందరూ చెప్తారు. పేర్లు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు తీసేసి ఇస్తానని కొందరంటారు, అక్కడ దొరికిపోతారు. అమెరికాలో ఆరోగ్య సమాచార గోప్యతకి ఆధారమైన 1996 నాటి హిపా చట్టం కింద వచ్చిన నియమాల్లో, గుర్తింపు చెరిపేయడానికి ఒక పద్ధతి ప్రకారం 18 రకాల వివరాలు తీసేయాలి. అడ్మిషన్ తేదీలు, చిన్న ప్రాంతాలని చూపే, మన పిన్ కోడ్ లాంటి జిప్ కోడ్లు కూడా అందులో ఉన్నాయి. అలాగే 2024 ఫిబ్రవరిలో క్లెయిములు నడిపించే వెండర్ ఛేంజ్ హెల్త్‌కేర్ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగి అమెరికా అంతటా క్లెయిముల చెల్లింపులు దెబ్బతిన్న సంగతి చదివి వెళ్ళండి. ఒకే వెండర్ మీద ఆధారపడితే ఏమవుతుందో మాట్లాడడానికి అంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఇక్కడ అభ్యర్థుల ఫిర్యాదుల్లో మొదటిది నిశ్శబ్దం. నాలుగు రౌండ్లు బాగా జరుగుతాయి, తర్వాత ‘పొజిషన్ హోల్డ్‌లో ఉంది’ అనే ఒక్క ముక్క. అమెరికాలో బడ్జెట్ కదిలితే ఇక్కడి రిక్రూటర్ చేతిలో ఏమీ ఉండదు. టెన్షన్ పడి రోజూ మెసేజ్ పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. వారానికొకసారి అడిగి, ఈలోపు వేరే ఇంటర్వ్యూలు ఆపకుండా ఇవ్వండి.

రెండోది చేరాక తెలిసేది. హోదా ప్రాజెక్ట్ మేనేజర్, పని మాత్రం స్టేటస్ రిపోర్టులు. నిర్ణయాలన్నీ అమెరికాలో, ఇక్కడ ఉన్నది ఎక్సెల్ షీటు. ఇది ఇంటర్వ్యూలోనే పట్టుకోవచ్చు. "ఈ ప్రాజెక్టు బడ్జెట్ ఎవరి పేరు మీద ఉంది? స్కోప్ మార్పుకి సంతకం ఎవరిది?" అని అడగండి. హైరింగ్ మేనేజర్ తడబడితే సమాధానం దొరికినట్టే.

ఫార్మా, క్లినికల్ రీసెర్చ్

నోవార్టిస్, సనోఫీ చాలాకాలంగా ఉన్నాయి. ఈమధ్య బ్రిస్టల్ మైయర్స్ స్క్విబ్, ఆమ్‌జెన్, ఎలీ లిల్లీ కూడా హైదరాబాద్‌లో సెంటర్లు తెరిచాయి. ఇక్కడ ప్రాజెక్ట్ మేనేజర్లు రెండు జాతులు. క్లినికల్ ట్రయల్స్ నడిపేవాళ్ళు ఒకరు, ఆ ట్రయల్స్‌కీ ఫ్యాక్టరీలకీ వాడే సాఫ్ట్‌వేర్ నడిపేవాళ్ళు ఇంకొకరు. ఒకదానికి ప్రిపేరై రెండోదానికి వెళ్ళకండి.

ట్రయల్స్ వైపు: "పేషెంట్ల చేరిక అనుకున్నదానిలో సగమే ఉంది, ఏం చేస్తారు?" కొత్త సైట్లు తెరుస్తామనేది అందరూ చెప్పే జవాబు. ఉన్న సైట్లలో స్క్రీనింగ్ దగ్గర ఎవరు ఎందుకు తిరస్కరణకి గురవుతున్నారో ముందు చూస్తాననేది అనుభవజ్ఞుల జవాబు. మన 2019 న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్, తీవ్రమైన దుష్ఫలితాన్ని ఇన్వెస్టిగేటర్ 24 గంటల్లో తెలియజేయాలన్న నిబంధన, 2025 జనవరిలో ఖరారైన ఐసీహెచ్ ఈ6 ఆర్3 మార్గదర్శకం (ట్రయల్స్ నడపడానికి అంతర్జాతీయ ప్రమాణం), ఇవి నోటికి రావాలి.

సాఫ్ట్‌వేర్ వైపు అమెరికా 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 (ఎలక్ట్రానిక్ రికార్డులు, సంతకాల నియమం), వ్యాలిడేషన్ (సిస్టమ్ సరిగ్గా పనిచేస్తుందని రుజువులతో చూపడం), ఆడిట్ ట్రెయిల్ (ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చెప్పే నమోదు). అజైల్‌లో (సాఫ్ట్‌వేర్‌ని చిన్న చిన్న విడతల్లో చేసే పద్ధతిలో) ‘పనిచేసే సాఫ్ట్‌వేర్ ముఖ్యం, డాక్యుమెంట్లు తర్వాత’ అని వల్లించేవాళ్ళకి ఇక్కడ క్వాలిటీ హెడ్ చిరునవ్వుతో టీ ఇచ్చి పంపేస్తారు. రాసి పెట్టకపోతే చేయనట్టే అన్నది వీళ్ళ కులదైవం.

ఇంకో సంగతి, ఇక్కడ కేస్ స్టడీ ప్రెజెంటేషన్ అడగడం ఎక్కువ. ఒక సాయంత్రంలో అయ్యే పనైతే సరే. వాళ్ళ నిజమైన ప్రాజెక్టుకి నెల ప్లాను రాసివ్వమంటే మర్యాదగా తగ్గించి ఇవ్వండి, పూర్తిగా చేసివ్వక్కర్లేదు.

మెడికల్ పరికరాలు

నానక్‌రామ్‌గూడలో మెడ్‌ట్రానిక్ ఇంజినీరింగ్ సెంటరు ఉంది. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైసెస్ పార్కు, విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉన్నాయి. పోస్టులు తక్కువ, పోటీకి వచ్చేవాళ్ళూ తక్కువే. ఐఎస్‌వో 14971 రిస్కు పద్ధతి, ఐఈసీ 62304లో సాఫ్ట్‌వేర్‌ని ఏ, బీ, సీ తరగతులుగా విడగొట్టే తీరు తెలియకుండా వెళ్ళడం దండగ. "రిలీజ్‌కి వారం ముందు బగ్ దొరికింది, చాలా అరుదుగా వస్తుంది" అంటూ ప్రశ్న మొదలవుతుంది. అరుదు అన్న మాటకి లొంగిపోయారా, అయిపోయింది. ఎంత తరచుగా అన్నదొక్కటే కాదు, వస్తే రోగికి ఎంత హాని అన్నది కలిపి చూడాలి. ఎంబెడెడ్, మెకానికల్, బయోమెడికల్ ఇంజినీర్లు తప్ప మిగతావాళ్ళు దీని మీద సమయం పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మీరెవరు, మీకేది?

ఐటీ సర్వీసుల్లో పదేళ్ళు చేసి, హెల్త్‌కేర్ క్లయింటు ఒక్కరైనా ఉంటే జీసీసీలు మొదటి వరస. పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజర్ల సర్టిఫికెట్) ఉంటే రెజ్యూమే ఫిల్టర్ దాటడానికి పనికొస్తుంది. డిగ్రీ ఉన్నవాళ్ళకి 36 నెలల ప్రాజెక్టు అనుభవం, 35 గంటల శిక్షణ ఉంటే పరీక్షకి అర్హత వస్తుంది కాబట్టి పెద్ద అడ్డంకేం కాదు. ఆసుపత్రిలో మాత్రం దాని గురించి ఎవరూ అడగరు.

నర్సింగ్, ఫిజియోథెరపీ, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ నుంచి వచ్చేవాళ్ళు నేరుగా జీసీసీకి ప్రయత్నించి నిరాశపడుతుంటారు. ముందు ఆసుపత్రిలో ఒక హెచ్‌ఐఎస్ మార్పో, ఎన్‌ఏబీహెచ్ అక్రెడిటేషనో భుజాన వేసుకుని పూర్తి చేస్తే, ఆ తర్వాత అమెరికా ఆసుపత్రుల జీసీసీల్లో మీ మాటకి వచ్చే బరువు వేరు. జీతంలో మొదట కొంత వదులుకోవాల్సి వస్తుంది, అది నిజమే.

బీఫార్మ్, ఫార్మ్‌డీ వాళ్ళకి ఫార్మానే. ఐటీ వైపు చూసి డొమైన్‌ని పారేసుకోకండి.

అమెరికాలో పనిచేసి తిరిగొచ్చినవాళ్ళకి, ముఖ్యంగా అక్కడి ఇన్సూరెన్స్ ప్రాజెక్టులు చేసినవాళ్ళకి, జీసీసీల్లో ఎదురుండదు. ఆసుపత్రుల వాళ్ళు మాత్రం ‘ఈయన ఎక్కువ అడుగుతాడు, ఎక్కువ రోజులు ఉండడు’ అనే అనుమానంతోనే మొదలుపెడతారు. తల్లిదండ్రుల దగ్గర ఉండడానికి వచ్చాననే మాట నిజమైతే ముందే చెప్పేయండి.

పిల్లల కోసం విరామం తీసుకుని మళ్ళీ వస్తున్న ఆడవాళ్ళకి లెక్క సూటిగా ఉండదు. ఆసుపత్రిలో శనివారం పోతుంది కానీ రాత్రి ఎనిమిదికి ఇంట్లో ఉండొచ్చు, గో-లైవ్ వారాలు తప్పిస్తే. జీసీసీలో రెండు రోజుల సెలవు, కొన్నిచోట్ల ఇంటి నుంచి పని, కానీ పిల్లల అన్నం వేళకే స్టేటస్ కాల్. "వారంలో ఎన్ని రోజులు, ఎన్నింటి వరకు కాల్స్ ఉంటాయి?" అని హెచ్‌ఆర్‌ని కాదు, ప్యానెల్‌లోని తోటి మేనేజర్‌ని అడగండి. అదే నోటితో "ఈ పోస్టు కొత్తదా, ఎవరైనా వెళ్ళిపోతే ఖాళీ అయిందా?" అని కూడా అడగండి.

ఇంటర్వ్యూకి, ఆఫర్ లెటర్‌కి, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌కి డబ్బు కట్టమన్నవాళ్ళు ఏ పేరు చెప్పినా మోసగాళ్ళే.

ఆఖరి మాట వరస గురించి. ఐటీలో చాలామందికి నోటీసు పీరియడ్ 90 రోజులు. జీసీసీలు ఆగుతాయి, ఫార్మా వాళ్ళు ఎటూ నిదానమే. ఆసుపత్రికి మాత్రం వచ్చే నెల ఒకటో తారీకుకి మనిషి కావాలి. కాబట్టి ఫార్మా, పరికరాల అప్లికేషన్లు ముందు పెట్టండి, వాటి మొదటి రౌండు నడుస్తుండగా జీసీసీలు మొదలుపెట్టండి. ఆసుపత్రులకి మాత్రం నోటీసు పీరియడ్‌లోకి వెళ్ళాకో, బైఅవుట్‌కి (మిగిలిన నోటీసు రోజులకి డబ్బు కట్టి ముందే బయటపడడానికి) మీ కంపెనీ ఒప్పుకుంటుందని ఖాయమయ్యాకో వెళ్ళండి.